ప్రాణమునకు లెక్క: యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన

మన తెలుగు సభలలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించునపుడు సాధారణముగా చెప్పుకొను విషయములు రెండు: ఆయన పడిన కష్టములు, ఆయన వలన లోకమునకు లభించిన మందులు. రెండును సత్యములే. కాని ఆయన మేధాశక్తికి అసలైన సాక్ష్యము ఈ రెంటికిని నడుమ, 1925 మొదలు 1929 వరకు హార్వర్డు విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధనలో నున్నది. దానిని విడిచి చేయు ప్రశంస పునాది లేని గోపురము.

ప్రాణమనగా నేమి యను ప్రశ్నకు భౌతిక, రసాయన శాస్త్రములతోనే సమాధానము చెప్పవలెనని ఆ కాలమున కొందరు పట్టుబట్టిరి. వారిలో జాక్ లోబ్ ముఖ్యుడు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ పండితుడు 1899లో, పురుషబీజముతో పనిలేకయే, లవణద్రావణముల వలన అర్చిన్ అను సముద్రప్రాణి అండములు ఎదుగునట్లు చేసెను. జీవవ్యాపారములన్నియు తుదకు రసాయన చర్యలుగానే తేలునని 1912లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఆ ధైర్యము మెచ్చదగినదే. అయినను ఒక అండము ఎదుగుటను చూచి సమస్త జీవమునకు తీర్పు చెప్పుట, దస్తావేజులో ఒక పుట చదివి వ్యాజ్యము తేల్చుట వంటిది.

సుబ్బారావుగారి మార్గము వేరు. 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టను చేరిన ఆయన, సైరస్ ఫిస్కేతో కలిసి చిన్నదిగా తోచు పనికి పూనుకొనిరి. శరీరద్రవములలో భాస్వరము ఎంత యున్నదో కొలుచుటయే ఆ పని. ద్రవమునకు మాలిబ్డేటును, పిదప మరియొక రసాయనమును చేర్చినచో నీలివర్ణము వచ్చును. నీలి ఎంత చిక్కనో భాస్వరము అంత. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి నేటికిని వారిద్దరి పేర్లతోనే పిలువబడుచున్నది.

కండరముల రసమును పరీక్షించినపుడు ఆ నీలి రావలసినంత త్వరగా రాలేదు, క్రమక్రమముగా చిక్కబడెను. లెక్క కుదరని చోట చిన్న గుమాస్తాయైనను కలము ఆపి వెనుకటి పుటలు తిరుగవేయును. వారును అట్లే చేసిరి. భాస్వరమును పట్టియుంచి, ఆమ్లములో మెల్లగా విడుచు పదార్థమొకటి కండరమున కలదని తేలెను. అదియే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు అది తగ్గును. విశ్రాంతిలో మరల చేరును. అంతకుముందు కండర సంకోచమునకు లాక్టిక్ ఆమ్లమే మూలమని పండితులు నమ్మియుండిరి. ఈ నూతన పదార్థమును, 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ చేసిన ప్రయోగములును ఆ నమ్మకమును తొలగించినవి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టి.పి.ని, ఫిస్కే, సుబ్బారావుగార్లు వేరుపరచిరి. గుడియాత్తము మగ్గముపై నాడె విసరు నేతగాని చేతికి బలమిచ్చునదియు, ఈ పంక్తులు చదువు కంటిని కదల్చునదియు అదియే.

ఇచట నొక సత్యమును దాచరాదు. ఏ.టి.పి.ని కనుగొన్నది మనవాడొక్కడే యనుట సరికాదు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే 1929లో స్వతంత్రముగా కనుగొనెను. ఫాస్ఫోక్రియాటిన్ ఉనికిని ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు 1927లోనే గుర్తించిరి. తెలుగుదేశమునకు వెలుపల స్థిరపడిన మనకు ‘మనవాడు’ అను మాట తీపి. ఆ తీపికి లొంగి ఇతరుల పాలు తగ్గించినచో, రేపు మన పిల్లలు పెద్ద గ్రంథములు చదివి, మనము చెప్పిన నిజములను కూడ శంకింతురు.

ప్రాణరహస్యమంతయు తేలినదని ఆ పరిశోధన చాటలేదు. చేతిని లేపు బలమెక్కడిదో తెలిసినది. లేపవలెనను సంకల్పమెక్కడిదో ఆ నీలివర్ణము చెప్పదు. కొలిచినంత మేరకే పలుకుటవలన ఆ మాట నిలిచినది. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిదప ఆయన బృందము వెలువరించిన మందులకును ఈ ఓర్పే ఆధారము. వానిలో డైఇథైల్‌కార్బమజైన్ మాత్రను బోదకాలు వ్యాధి నివారణకై మన దేశమున నేటికిని పంచుచున్నారు.

1948లో ఆయన పరమపదించిరి. 1995లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా తపాలాబిళ్ల వెలువరించెను. వేలూరు వైద్యకళాశాలలో చేరగోరు మన బాలబాలికలకు ఆయన కష్టములతోపాటు ఆ నీలిరంగు కథను, దాని హద్దులతో సహా, తెలుగులోనే చెప్పుదము.