మూడు నిమిషాల దళం

1944 ఏప్రిల్ 14. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఆగి ఉన్న ‘ఫోర్ట్ స్టికీన్’ ఓడలోంచి మధ్యాహ్నం పూట పొగ లేచింది. లోపల పత్తి బేళ్లు, వాటితో పాటు దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. బొంబాయి ఫైర్ బ్రిగేడ్ మనుషులు ఓడ మీదికెక్కి గంటల తరబడి నీళ్లు కొట్టారు. నాలుగు దాటిన కొద్ది నిమిషాలకు ఓడ పేలింది. అరగంట తర్వాత మళ్లీ పేలింది. ఆ అదురు ఎక్కడో సిమ్లాలోని భూకంప యంత్రాల మీద నమోదైంది. ఆ రోజు 66 మంది అగ్నిమాపక సిబ్బంది తిరిగి స్టేషన్‌కు రాలేదు.

అప్పటి నుంచి ఏప్రిల్ 14 దేశమంతటా అగ్నిమాపక దినం. ఆ రోజు నుంచి 20 దాకా వారోత్సవాలు. ఉదయాన్నే సిబ్బంది వరుసలో నిలబడతారు, స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచుతారు, మౌనం పాటిస్తారు. న్యూయార్క్ దళానికి ఇంకో పద్ధతి ఉంది. టెలిగ్రాఫ్ గంటల కాలంలో పుట్టిన 5-5-5-5 సంకేతం అక్కడ ఇప్పటికీ ఒక సహచరుడి మరణాన్ని తెలిపే మాటే. ఊరు ఏదైనా, భాష ఏదైనా, అగ్నిమాపక దళాలు తమవాళ్లను మరిచిపోవు.

అయితే ఈ వృత్తిలో అసలైన స్మరణ ఏటా ఒక్కసారి జరిగేది కాదు. మంచి నాయకుడు నేర్పిన పద్ధతులను అతని దళం రోజూ, షిఫ్టు షిఫ్టుకూ తప్పకుండా పాటించడమే ఆ స్మరణ. అది ఎంత పెద్ద పనో తెలియాలంటే శంషాబాద్ విమానాశ్రయం వైపు చూడాలి.

బేగంపేట విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చి 23న శంషాబాద్‌కు మారాయి. మామిడిపల్లి, పెద్ద గోల్కొండ లాంటి ఊళ్ల చెంత పరుచుకున్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ప్రయాణికులకు అక్కడ టెర్మినల్ కనిపిస్తుంది, డ్యూటీ ఫ్రీ కనిపిస్తుంది. ఎవరికీ పని పడకూడదని అందరూ కోరుకునే ఫైర్ స్టేషన్ మాత్రం రన్‌వేకు చేరువలో, కంట్రోల్ టవర్ పిలుపుకు చెవి ఒగ్గి ఉంటుంది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన చాలా కచ్చితమైనది. పిలుపు అందిన మూడు నిమిషాల్లోపు మొదటి వాహనం రన్‌వేపై ఏ మూలకైనా చేరి నురుగు కొట్టడం మొదలుపెట్టాలి. రెండు నిమిషాల్లోనే చేరితే మేలని అదే సంస్థ సూచన. లెక్క వేసి చూద్దాం. పెద్ద క్రాష్ ఫైర్ టెండర్ 40 సెకన్లలో 80 కిలోమీటర్ల వేగం అందుకోవాలి, గరిష్ఠ వేగం కనీసం 100 ఉండాలి. స్టేషన్ సరిగ్గా రన్‌వే మధ్యలోనే ఉందనుకున్నా, చివరి దాకా రెండు కిలోమీటర్ల పైమాటే. దారిలోనే నిమిషంన్నరకు పైగా పోతుంది. బూట్లు తొడుక్కోవడానికి, కోటు వేసుకోవడానికి, బండి ఎక్కడానికి, ఎటు వెళ్లాలో తేల్చుకోవడానికి మిగిలేది ఇంకో నిమిషంన్నర లోపే. బూటు ఎక్కడుంచాలి, హెల్మెట్ ఏ కొక్కేనికి తగిలించాలి అన్నది అందుకే చిన్న విషయం కాదు.

షిఫ్టు మారేటప్పుడు హాజరు తీసుకుంటారు. ఎవరు ఏ బండి మీద, ఎవరి చేతిలో ఏ పైపు అన్నది అప్పుడే తేలిపోతుంది. తర్వాత తనిఖీ. ట్యాంకులో నీళ్లు, నురుగు ద్రావణం, గాలి సిలిండర్‌లో ఒత్తిడి, ముఖానికి మాస్కు బిగువుగా అతుకుతోందా లేదా, వైర్‌లెస్ పలుకుతోందా లేదా. నిన్న అన్నీ సరిగానే ఉన్నాయి కదా అని ఈ రోజు వదిలేయడానికి వీల్లేదు. మంచి నాయకుడు ఈ తనిఖీని కింది వాళ్లకు వదిలేసి కుర్చీలో కూర్చోడు. ముందు తన సిలిండర్ తాను చూసుకుంటాడు. అది చూసే కొత్త కుర్రాడు నేర్చుకుంటాడు.

విమాన ప్రమాదంలో మండేది కిరోసిన్ జాతి ఇంధనం. నీళ్లు దాని కిందికి దిగిపోతాయి, మంట పైన తేలుతూనే ఉంటుంది. అందుకే నురుగు. అది ఇంధనం మీద దుప్పటిలా పరుచుకుని గాలిని ఆపుతుంది. ఎయిర్‌బస్ ఎ380 స్థాయి విమానాలు దిగే పదో కేటగిరీ విమానాశ్రయంలో కనీసం మూడు వాహనాలు, వాడేది ‘బి’ స్థాయి నురుగైతే 32,300 లీటర్ల నీళ్లు సిద్ధంగా ఉండాలి. నురుగు ద్రావణమైతే ఆ నీటికి రెండింతలకు సరిపడా.

ఇన్ని ఉన్నా, ఎలా వాడాలో తేల్చేది దళ నాయకుడి చూపే. అతను మొదట గాలివాలు చూస్తాడు. గాలి వీచే వైపు నుంచి బండిని పోనిస్తే పొగ కళ్లకు అడ్డం రాదు, నురుగూ దూరం పోతుంది. విమానం తొడుగైన అల్యూమినియం నేరుగా మంట తగిలితే నిమిషం అటూ ఇటుగా కరిగి చిల్లు పడుతుంది. కాబట్టి తొలి నురుగు పడాల్సింది మంట ఎత్తుగా లేచే చోట కాదు, మనుషులున్న గొట్టం మీద, వాళ్లు దిగే దారి మీద. ప్రయాణికులు దిగే జారుడు బల్లలకు బండి అడ్డం రాకూడదు. పరిచిన నురుగును మళ్లీ నీళ్లతో కడిగేయకూడదు.

నురుగు మనిషిని కప్పేయగలదన్న పాఠం 2013 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరికీ తెలిసింది. ఏషియానా విమాన ప్రమాదంలో నురుగు కింద పడి ఉన్న ఒక ప్రయాణికురాలి మీదుగా అగ్నిమాపక వాహనం వెళ్లింది. నురుగు పరిచిన నేల మీద బండి కదలాలంటే ముందు ఒక మనిషి నడిచి చూడాలన్న జాగ్రత్త అలాంటి చేదు అనుభవాల నుంచి వచ్చిందే. తప్పును దాచకుండా చెప్పుకుని, దాన్ని రేపటి డ్రిల్‌లో చేర్చే దళమే బాగుపడుతుంది.

డ్రిల్ అంటే పేరుకు చేసేది కాదు. ఇనుప నమూనా విమానానికి నిజంగానే నిప్పు పెట్టి ఆర్పుతారు, పొగ నిండిన గదిలో తడుముకుంటూ మనిషిని వెతుకుతారు. రెండేళ్లకు మించకుండా ఒకసారి విమానాశ్రయం మొత్తం పాల్గొనే భారీ విన్యాసం జరగాలి. అందులో ఆసుపత్రులు, పోలీసులు, 101కు ఫోన్ చేస్తే వచ్చే రాష్ట్ర అగ్నిమాపక శాఖ కూడా కలుస్తాయి. కంచెకు అవతల ప్రమాదం జరిగితే ఊరి దారులు తెలిసినవాళ్లే ముందుండాలి.

పాత తరంలో మసి పట్టిన కోటు గొప్పతనానికి గుర్తు. ఇప్పుడు ఆ లెక్క మారింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అగ్నిమాపక వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. డ్యూటీ అయ్యాక కోటు ఉతికించి, మంట ఆరినా మాస్కు తీయనివ్వని నాయకుడు కటువుగా కనిపించవచ్చు. పదవీ విరమణ తర్వాత ఆరోగ్యంగా ఉన్న మనిషి మాత్రం ఆ కటువుదనాన్నే తలుచుకుంటాడు. దళం తన నాయకుణ్ని ప్రేమించేది ఇలాంటి వాటికే. అందరికంటే ముందు మంటలోకి దూకినందుకు కాదు, అందర్నీ లెక్కపెట్టి ఇంటికి పంపినందుకు.

అయినా ఒక్కోసారి ఆ లెక్క తప్పుతుంది. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ 521 విమానం దుబాయ్ రన్‌వే మీద పొట్టతో జారి మంటల్లో చిక్కుకుంది. లోపలున్న 300 మందీ బతికారు. విమానం ఆగిన తొమ్మిది నిమిషాలకు ఇంధన ట్యాంకు పేలింది. మంటలతో పోరాడుతున్న అగ్నిమాపక ఉద్యోగి జాసిం ఈసా అల్ బలూషీ ప్రాణాలు కోల్పోయాడు. శంషాబాద్ నుంచి ఎందరో తెలుగువాళ్లు బతుకుతెరువు కోసం దిగే విమానాశ్రయమే అది. అతను కాపాడటానికి వెళ్లింది మనలాంటి వాళ్లనే.

ఆ విమానంలో కొందరు దిగేముందు పైనున్న సామాన్లు తీసుకోవడానికి ఆగారు. అప్పటి వీడియోల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది. సగం తలుపులు మూసి ఉన్నా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని పరీక్షించాకే విమానానికి అనుమతి ఇస్తారు. ఒక్క సూట్‌కేసు చాలు, ఆ లెక్క తారుమారవడానికి. లోపల ఆలస్యమైనంత సేపూ బయట అగ్నిమాపక దళం మంటకు దగ్గరగా నిలబడే ఉండాలి. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మంటల్లో చిక్కిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి 379 మందీ బయటపడ్డారు, సామాన్లు వదిలేసి.

అందుకే శంషాబాద్‌లో విమానం ఎక్కే ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. కూర్చోగానే మీ సీటుకు ముందు, వెనక ఎన్ని వరుసల దూరంలో తలుపు ఉందో లెక్కపెట్టుకోండి. దిగమన్న మాట వినబడితే చేతులు ఖాళీగా ఉంచుకుని దిగండి, పక్కవాళ్లనూ అలాగే దించండి. పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవచ్చు, బంగారం మళ్లీ కొనుక్కోవచ్చు. మీ కోసం మంట దగ్గరికి వచ్చిన దళంలో ప్రతి మనిషీ తన ఇంటికి వెళ్లాలి.