డబ్బా లేని నిధి వేట

అడవికి వెళ్ళొచ్చినవాళ్ళని ఎలా ఉందని అడగండి. చాలామంది నోట మొదట వచ్చే మాట, 'పులి కనపడలేదండీ' అని. రెండు గంటలు జీపులో తిరుగుతారు, నాలుగు జింకల్ని చూస్తారు, నెమలిని ఫోటో తీస్తారు, పెద్ద జంతువేదీ ఎదురుపడలేదని మొహం వేలాడేసుకుని తిరిగొస్తారు. కాళ్ళ కింద ఉన్నది ఏ రాయో, నీడనిచ్చిన చెట్టు పేరేమిటో అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్ళ తప్పు కాదు. చూడ్డానికి వెళ్ళారు గానీ ఏం చూడాలో ఎవరూ చెప్పలేదు.

ఆ లోటును సరదాగా తీర్చే ఆట ఒకటుంది. పేరు జియోక్యాషింగ్. ఎవరో దాచిపెట్టిన డబ్బాను ఉపగ్రహ సంకేతాల సాయంతో వెతికి పట్టుకోవడమే ఈ ఆట. అమెరికాలో ఈ వేటనీ, టెంటు వేసుకుని ఆరుబయట రాత్రి గడపడాన్నీ జతచేసి వారాంతాల్లో పిల్లాపాపలతో బయల్దేరే అలవాటు బాగా పాతుకుంది. అయితే వన్యప్రాణుల నెలవుల్లో అడుగుపెట్టేసరికి ఈ ఆట తన తీరు మార్చుకోవాలి. మార్చుకున్నాక పస తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది.

బకెట్‌తో మొదలు

ఒకప్పుడు అమెరికా సైన్యం పౌరులకందే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది. దాంతో మనం ఉన్న చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూగా చూపించేది. 2000 మే 1 అర్ధరాత్రి క్లింటన్ ప్రభుత్వం ఆ కల్తీని ఆపేసింది. మే 3న ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్‌ను అడవిలో సగం పాతిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. బకెట్‌లో ఒక నోటుపుస్తకం, పెన్సిలు, పుస్తకాలు, వీడియోలు, ఒక పంగలకర్ర, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి. 'ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి' అన్నదొక్కటే షరతు. మైక్ టీగ్ అనే ఆయన మొదట దాన్ని పట్టుకున్నాడు. ఆ నెలాఖరుకే ఆటకు జియోక్యాషింగ్ అన్న పేరు వచ్చింది. సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ ప్రత్యేకంగా వెబ్‌సైటు తెరిచేనాటికి ప్రపంచం మొత్తమ్మీద ఉన్నవి 75 డబ్బాలు. ఇప్పుడవి 30 లక్షలు దాటాయి.

ఈ ఆటకు పెద్దన్న లాంటిది ఇంగ్లండులో అంతకు చాలాముందే ఉంది. 1854లో డార్ట్‌మూర్ బీడుభూముల్లో జేమ్స్ పెరట్ అనే గైడు, క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వెళ్ళినవాళ్ళు తమ పేరున్న కార్డు అందులో వేసి వచ్చేవారు. లెటర్‌బాక్సింగ్ అనే ఆ సరదా ఇప్పటికీ అక్కడ సాగుతోంది. కష్టపడి నడిచి, చేరిన గుర్తుగా పేరు రాసి రావడం ఆ ఆటలోనూ ఈ ఆటలోనూ ఒకటే.

ఉల్మర్ బకెట్‌ని ఇవాళ ఎవరైనా అలాగే పెడితే వెబ్‌సైటు ఒప్పుకోదు. అనుమతి లేకుండా మట్టి తవ్వి పాతకూడదన్నది ఒక నియమం, తిండి వస్తువులు పెట్టకూడదన్నది ఇంకొకటి. వాసన పట్టిన జంతువు డబ్బాను కొరికి ముక్కలు చేస్తుంది, ప్లాస్టిక్ మింగుతుంది. ఆడేకొద్దీ తెలిసొచ్చిన నియమాలివి.

వెతికే విద్య

మొదట అంకెలు చదవడం రావాలి. ఉల్మర్ బకెట్ చిరునామా ఉత్తరం 45° 17.460, పడమర 122° 24.800. ఇక్కడ 17.460 అంటే పదిహేడు నిమిషాల నలభై ఆరు సెకన్లు కాదు. పదిహేడు నిమిషాలు, ఇంకో నిమిషంలో వెయ్యింట 460 వంతులు. అక్షాంశంలో ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే నేల మీద 1,852 మీటర్లు. కాబట్టి చివరి అంకె ఒకటి మారితే రెండు మీటర్ల లోపే తేడా. అదే దశాంశాన్ని సెకన్లనుకుని చదివితే మాత్రం అర కిలోమీటరుకు పైగా దారితప్పుతాం. కొత్తవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

రెండోది, బాణంగుర్తును ఎంతవరకు నమ్మాలో తెలియడం. ఫోను చూపించే దూరం పక్షి ఎగిరే దూరం. మధ్యలో వాగుందో, కొండచరియ ఉందో దానికి పట్టదు. 'ఇంకో 80 మీటర్లే కదా' అని బాట దిగి పొదల్లో పడితే గీరుకుపోయేది మన కాళ్ళే కాదు, నేల మీది మొక్కలు కూడా. ఒకరి వెనక ఒకరు అలాగే తొక్కుకుంటూ పోతే నెలకల్లా అక్కడ కొత్త బాట పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు దూరం తగ్గుతున్నా బాట వదలరు. ఎక్కడ దూరం అన్నిటికంటే తక్కువైందో అక్కడే ఆగి, అప్పుడు ఆలోచిస్తారు.

పది మీటర్లలోపుకొచ్చాక ఫోను జేబులో పెట్టేయాలి. దట్టమైన చెట్ల కింద, రాతిగోడల పక్కన సంకేతాలు తగిలి చెదిరిపోతాయి. అక్కడ బాణం గిరగిరా తిరుగుతుంది. ఇక పని కళ్ళది. మామూలుగా రాలిన పుల్లలు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. ఒకే పొడవున్న పుల్లలు వరసగా ఆనించి ఉంటే అది మనిషి చెయ్యి. ఎండ తగలాల్సిన రాయి పైవైపు తడిమట్టి అంటి ఉంటే దాన్నెవరో ఈమధ్యే తిప్పారు. ఒకవైపు మాత్రమే నాచు లేని మొద్దు, చెట్టుతొర్రలో అమరినట్టు కూర్చున్న బెరడు ముక్క కూడా ఇలాంటివే. సహజంగా ఉన్నదేదో, పెట్టిందేదో విడదీసే ఈ చూపు ఒక్కసారి అలవడితే డబ్బాతో పాటు పక్షి గూడు, పాము కుబుసం, జంతువు గోళ్ళు గీసిన గుర్తు కూడా దానంతటదే కంటపడుతుంది. ఈ ఆట నేర్పే అసలు చదువు ఇదే.

తొర్రలోకీ రాతిసందులోకీ చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి, టార్చి వేసి చూడాలి. దొరికాక పుస్తకంలో పేరు, తేదీ రాసి, ఏదైనా తీసుకుంటే అంత విలువైనదే అందులో వేసి, డబ్బా ఎలా ఉందో అలాగే, అక్కడే పెట్టాలి. 'ఇంకాస్త బాగా దాచుదాం' అనుకుంటే తరవాత వచ్చేవాళ్ళకు అది దొరకదు.

ప్రతి డబ్బాకూ రెండు మార్కులుంటాయి. వెతకడం ఎంత కష్టం, అక్కడికి చేరడం ఎంత కష్టం అని, ఒకటి నుంచి అయిదు వరకు. పిల్లలతో వెళ్ళేటప్పుడు రెండో మార్కు ముందు చూసుకోవాలి. అయిదు అంటే తాడో పడవో కావాల్సిన చోటన్నమాట.

విచిటా కొండల్లో ఒక వారాంతం

టెక్సాస్‌లోని డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అక్కణ్ణుంచి కారులో మూడు, మూడున్నర గంటలు వాయవ్యానికి వెళితే ఓక్లహోమాలో విచిటా మౌంటెన్స్ వన్యప్రాణి ఆశ్రయం వస్తుంది. విస్తీర్ణం సుమారు 59 వేల ఎకరాలు. అమెరికా బైసన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయిన రోజుల్లో, 1907లో, న్యూయార్క్ జంతుప్రదర్శనశాల నుంచి 15 బైసన్లను రైల్లో ఇక్కడికి తెచ్చారు. కొమాంచీ తెగ నాయకుడు క్వానా పార్కర్ తనవాళ్ళతో వచ్చి ఆ రాకను చూశాడు. ఆ పదిహేనింటి సంతానం ఇప్పుడు కొన్ని వందలు. గడ్డినేలల్లో వాటితోపాటు ఎల్క్ జింకలు, లాంగ్‌హార్న్ పశువులు, బొరియల దగ్గర నిలబడి కూతపెట్టే ప్రెయిరీ డాగ్‌లు కనిపిస్తాయి. అమెరికాలో చాలా వన్యప్రాణి ఆశ్రయాల్లో రాత్రి ఉండనివ్వరు. ఇక్కడ మాత్రం డోరిస్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంటు వేసుకోవచ్చు.

డబ్బాల సంగతి వేరు. ఫెడరల్ వన్యప్రాణి ఆశ్రయాల్లో సొంత వస్తువులు వదిలి వెళ్ళడం, పాతిన నిధుల కోసం వెతకడం అనుమతి లేకుండా చేయకూడని పనులు. కాబట్టి ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసుకోవడం తెలివైన పద్ధతి. డబ్బాల వేట దారిలోని స్టేట్ పార్కుల్లో, ఊళ్ళలో పెట్టుకోవాలి. టెక్సాస్‌లో ఎన్నో స్టేట్ పార్కులు ఈ ఆటను తామే ప్రోత్సహిస్తాయి. ఆశ్రయం గేటు దాటాక డబ్బా లేని వేట మొదలుపెట్టాలి.

దానికీ ఒక రూపం ఉంది. 2004లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా అండతో ఎర్త్‌క్యాష్ అనే రకం వచ్చింది. చిరునామా ఉంటుంది, డబ్బా ఉండదు. చెప్పిన చోటికి వెళ్ళి, అక్కడి నేలనూ రాతినీ చూసి ప్రశ్నలకు జవాబులు పంపాలి. అక్కడ నిలబడి చూస్తే తప్ప జవాబు తెలియకూడదన్నది నియమం. విచిటా కొండల గులాబీరంగు గ్రానైట్‌నే తీసుకోండి. దాని వయసు 50 కోట్ల ఏళ్ళకు పైమాటే. రాతిని దగ్గరగా చూస్తే గులాబీ, బూడిద, నలుపు పలుకులు విడివిడిగా తెలుస్తాయి. గులాబీది ఫెల్డ్‌స్పార్, బూడిదరంగుది క్వార్ట్జ్. పలుకులు కంటికి ఆనేంత పెద్దవిగా ఉన్నాయంటే కరిగిన రాయి నేల లోపలే నిదానంగా చల్లారిందని అర్థం. పైకి ఉబికి గబుక్కున చల్లారితే పలుకులు కంటికి కనపడనంత చిన్నవవుతాయి. పదేళ్ళ పిల్లకు స్కేలు చేతికిచ్చి అతి పెద్ద పలుకు కొలవమంటే పావుగంట అక్కడే కూచుంటుంది. ఆ పావుగంటలో పక్కనే తొండ వస్తుంది, నెత్తిమీద గద్ద తిరుగుతుంది. జీపులో వెళ్ళేవాళ్ళకు దొరకనిది ఆ పావుగంటే.

జంతువులకు ఎడంగా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. బైసన్ చూడ్డానికి మందకొడిగా కనిపిస్తుంది గానీ పరుగులో మనిషి దానికి సాటిరాడు. యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో బైసన్‌కు కనీసం 25 గజాలు, ఎలుగుబంట్లకూ తోడేళ్ళకూ 100 గజాలు ఎడం పాటించాలని నిబంధన. ప్రశ్నకు జవాబున్న రాయి పక్కనే బైసన్ పడుకుని ఉంటే ఆ ప్రశ్న వదిలేసి రావాలి. రాత్రి తిండి సామాన్లన్నీ కారులో పెట్టి తాళం వేయాలి. అంట్లు కడిగిన నీళ్ళు వాగులో పోయకూడదు. మ్యాపు ముందే ఫోనులోకి దించుకుని, కాగితం మ్యాపు కూడా సంచిలో పెట్టుకోవాలి. కొండల మధ్య సిగ్నలు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

డబ్బాలు దొరికే చోట్ల ఆటగాళ్ళకు ఇంకో మంచి అలవాటుంది. వెళ్ళేటప్పుడు చెత్తసంచి పట్టుకెళ్ళి, వచ్చేటప్పుడు దారిలోని చెత్త ఏరుకొస్తారు. 2002 నుంచి దీన్నొక సామూహిక కార్యక్రమంగానే జరుపుతున్నారు.

మన నల్లమలలో అయితే

సెలవులకు ఊరొచ్చే పిల్లలు ఇక్కడా ఆడదామంటారు. ఆడొచ్చు, అడవిలో డబ్బా పెట్టకుండా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో చెత్త వేయడాన్ని, జంతువుల్ని ఆటపట్టించడాన్ని నిషేధించింది. లోపలికి వెళ్ళాలంటే అనుమతి తప్పనిసరి. చెట్టుతొర్రలో వదిలిన ప్లాస్టిక్ డబ్బాను మనం నిధి అనుకుంటే అనుకోవచ్చు, చట్టం దృష్టిలో చెత్తే. పోలీసుల దృష్టిలో ఇంకా ప్రమాదం. 2011లో ఇంగ్లండులోని వెదర్‌బీలో ఇలాంటి చిన్న డబ్బాను బాంబనుకుని పేల్చేశారు. అమెరికాలో నడకకు వెళ్ళేవాళ్ళు బెల్టుకు తగిలించుకునే ఉపగ్రహ మెసెంజర్లను, ఉపగ్రహ ఫోన్లను అనుమతి లేకుండా మన దేశానికి తెస్తే కేసవుతుంది. అవి ఇంట్లో పెట్టి రావడం మంచిది.

డబ్బా లేని ఆటకు మాత్రం మన దగ్గర చోట్లకు కొదవలేదు. అమ్రాబాద్ వైపు మన్ననూరులో, ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీశాఖ బసలున్నాయి. అక్కడ దిగి, సిబ్బందితో వెళ్తూ ఇంటిదగ్గరే రాసిపెట్టుకున్న ప్రశ్నలకు జవాబులు వెతకొచ్చు. నల్లమల రాతిపొరలు ఎటు వాలి ఉన్నాయి? ఈ చెట్టు బెరడు చెంచులకు ఎందుకు పనికొస్తుంది? రెండో ప్రశ్నకు జవాబు ఏ ఫోనులోనూ వెతకక్కర్లేదు. పులుల రక్షణ సిబ్బందిలో చెంచులు ఉన్నారు, వాళ్ళని మర్యాదగా అడిగితే చెబుతారు. నల్లమల బయట, నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చెరువునీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీదే గూళ్ళెందుకు కడతాయో, గట్టు మీది నుంచి బైనాక్యులర్‌తో చూసి పిల్లల్నే ఊహించి చెప్పమనండి. విశాఖ ఎర్రమట్టి దిబ్బలు, బెలుం గుహలు, తిరుమల శిలాతోరణం రాళ్ళ పాఠాలకు సిద్ధంగా ఉన్న బళ్ళు.

ఒక్క జాగ్రత్త మరవకండి. గూడు, పొద, జంతువు నీళ్ళు తాగే మడుగు ఉన్న చోటి అంకెల్ని ఎవరికీ పంపకండి, ఫోటోలోనూ ఉంచకండి. ఫోను కెమెరాలో లొకేషన్ ఆపేయడానికి అర నిమిషం చాలు. వేటగాళ్ళకు కూడా ఆ అంకెలు చదవడం వచ్చు.

ఈసారి అడవికి వెళ్ళేముందు అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. పెద్దలకు రెండు, పిల్లలకు మూడు. జవాబులన్నీ అక్కడి రాతిలోనో, చెట్టులోనో, అక్కడి మనుషుల దగ్గరో దొరికేవే అయి ఉండాలి. పులి కనపడితే సంతోషమే. కనపడకపోయినా ఉత్తచేతులతో మాత్రం తిరిగిరారు.