పాత్రజాలములందు త్రికగణన

కథాపాత్రలను బిందువులుగను, వాని సంబంధములను రేఖలుగను చిత్రించి, ఆ జాలమునందలి చిన్న ఆకృతులను కంప్యూటరుచే లెక్కించు పద్ధతి సాహిత్యపరిశోధనలోనికిని ప్రవేశించినది. మూడు బిందువుల ఆకృతి త్రికము. మూడు జతలును కలిసినచో దానిని సంవృతమనియు, ఒక జత మాత్రము కలియనిచో వివృతమనియు వ్యవహరింతము. సంవృతములు మిక్కిలిగా నున్నచో రచయిత దృఢబంధము గల సంఘమును చిత్రించెనని తీర్మానింపవచ్చునా? ఇదియే మా విచారణ.

విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన 'లే మిజెరాబ్ల్' నవలలోని పాత్రల కలయికలను డోనాల్డ్ క్నూత్ 1993లో పట్టికగా కూర్చెను. దానినుండి ఏర్పడి ప్రచారమునందున్న జాలమున 77 పాత్రలు, 254 రేఖలు కలవు. సంవృతత్రికములు 467, ఇందు వివాదము లేదు. వివృతములెన్ని? ఆర్ భాషకు చేర్చిన ఐగ్రాఫ్ యందలి ఆకృతిగణన మూడవ రేఖ లేనివానినే గ్రహించును, అవి 1407. మూడవ రేఖ ఉండినను లేకున్నను, ఒక పాత్రనుండి రెండు రేఖలు వెడలిన చాలునన్నచో 2808. ప్రతి త్రిభుజమును మూడుమార్లు లెక్కకు వచ్చుటయే ఈ 1401 భేదమునకు కారణము. రెండు సంఖ్యలును సరియైనవే, ప్రశ్నలే వేరు. నిర్వచనము చెప్పని సంఖ్య ప్రమాణము కానేరదు.

ఇంతకంటె గురుతరమైన ఆక్షేపణ వేరొకటి కలదు. ఒక సన్నివేశమున కలిసిన పాత్రలన్నిటికిని పరస్పరము రేఖలు గీయబడును. పదిమంది ఒకచోట చేరినచో 45 రేఖలు, 120 త్రిభుజములు తమంతట పుట్టును. అవి మన చిత్రణనియమముయొక్క ఫలము. మైత్రికి గాని వైరమునకు గాని సాక్ష్యములు కావు.

ఆకృతుల సంఖ్యను యాదృచ్ఛికజాలములతో పోల్చి చూడవలెనని మిలో, ఆలన్ ప్రభృతులు 2002లో ప్రతిపాదించిరి. ఆ పోలికలో ప్రతి బిందువునకు గల రేఖల సంఖ్య మారదు. సామీప్యమాత్రముచేతనే అట్టి ఆకృతులు అధికముగా పుట్టగలవని ఆర్ట్జీ-రాండ్రప్ ప్రభృతులు 2004లో చూపిరి. సన్నివేశమును ఒక విధమైన సామీప్యమే. కావున సన్నివేశముల పరిమాణమును, ఒక్కొక్క పాత్ర ఎన్ని సన్నివేశములందు కనిపించునో ఆ సంఖ్యను నిలిపి, పాత్రలను మాత్రము తారుమారు చేసి పోల్చుట యుక్తము. అప్పుడును మిగిలిన ఆధిక్యమే రచయిత కూర్పును గూర్చి ప్రశ్నింపదగినది.

గణనమును మేము నిరాకరింపము. లెక్కించుటకు ముందు రేఖయన నేమో నిర్ణయించుట విమర్శకుని పని. దానిని యంత్రమునకు విడువరాదు.