పడవ గదిలో పువ్వులు

యాత్రాసాహిత్యం మాట వచ్చినప్పుడల్లా ఎల్.టి.సి. రోల్ట్ రాసిన 'నేరో బోట్' చదవమని మిత్రులకు చెప్పేవాణ్ణి. ఈమధ్య మళ్ళీ చదివాక ఆ సిఫారసును కొంత సవరించుకోవాలనిపించింది.

1939లో రోల్ట్ 'క్రెస్సీ' అనే పడవలో భార్యతో కలిసి బాన్‌బరీ నుంచి బయలుదేరి ఇంగ్లండు మధ్యప్రాంతపు కాలువల మీద తిరిగాడు. ఆ పుస్తకం 1944లో వచ్చింది. మూతపడుతున్న కాలువలను కాపాడాలని 1946లో ఒక సంఘం పుట్టడానికి అదే ప్రేరణ. ఒక పుస్తకం ఇంత పని చేయడం సామాన్యం కాదు. అంతకు ముందు 1875లో కోల్‌విల్ జార్జి స్మిత్ పడవవాళ్ళను తాగుబోతులుగా, నీతిలేనివాళ్ళుగా చిత్రించాడు. రోల్ట్ వాళ్ళను మర్యాదస్తులుగా, పనిమంతులుగా చూశాడు. ఇది అతని ఘనతే.

అయితే అతని దృష్టి ఎక్కడ ఆగుతుందో చూడండి. పడవ పొడవు సుమారు 70 అడుగులు. లాకులు ఇరుకు కనుక వెడల్పు 7 అడుగులే. ఆ పొడవులో చాలా భాగం బొగ్గుకీ, సరుకుకీ పోతుంది. చివర మిగిలిన పది అడుగుల గదిలో సంసారం. తలుపు పక్కన పొయ్యి, పగలు అలమరలోకి మడిచేసే మంచం, గోడకు అల్లిక అంచుల పళ్ళాలు, మెరిసే ఇత్తడి. తలుపుల మీదా నీళ్ళ డబ్బా మీదా గులాబీలు, కోటలు. ఈ రంగుల దగ్గర రోల్ట్ కలానికి ఎక్కడలేని ఉత్సాహం. యంత్రయుగానికి పూర్వపు సమాజం ఇంకా బతికే ఉందని అతని మురిపెం.

అసలు సంసారం పడవెక్కింది ఎందుకు? రైళ్ళు వచ్చి కిరాయిలు పడిపోయాయి. గట్టు మీద ఇంటికి అద్దె కట్టలేక, కూలివాణ్ణి పెట్టుకోలేక పడవవాడు భార్యాబిడ్డల్ని ఎక్కించుకున్నాడు. కిరాయి అతని చేతికి, చుక్కాని ఆమె చేతికి! పిల్లలకు బడి లేదు. ఆ గులాబీలు ఇంతటి ఇరుకులో పూసినవి. 1923లో బ్రాన్‌స్టన్ దగ్గర కూలి కోతకు ఎదురు తిరిగి పడవవాళ్ళు 14 వారాలు సమ్మె చేశారు. అది గుర్తుంచుకుని చదివితే రోల్ట్ చూపిన ప్రశాంతత నమ్మశక్యం కాదు. అన్నట్టు, అతని పడవలో స్నానపు తొట్టి ఉంది. సరుకు లేదు.

ఎమ్మా స్మిత్ 1948లో ప్రచురించిన 'మెయిడెన్స్ ట్రిప్' ఈ లోటు తీరుస్తుంది. యుద్ధకాలంలో మగవాళ్ళు చాలక కాలువల మీద పనికి కుదిరిన అమ్మాయిల్లో ఆమె ఒకతె. ముగ్గురమ్మాయిలు లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు ఉక్కు వేసుకెళ్ళి, తిరుగుదారిలో బొగ్గు తెస్తారు. ఎన్నో ప్రయాణాలను ఒకే ప్రయాణంగా కుదించిన కథనం అది. ఇక్కడ లాకు కంటికింపైన దృశ్యం కాదు, తడితాడు, బరువైన తలుపు, ఆకలి. మధ్యతరగతి పిల్ల కనుక ఎప్పుడైనా వదిలి వెళ్ళగలదు. ఆ పరిమితి ఆమెకూ ఉంది. కానీ చేతులు బొబ్బలెక్కిన మనిషి వాక్యానికి అలంకారం తక్కువ. శిల్పం గురించి మనం చేసే చర్చల్లో ఈ సంగతి అంతగా రాదు.

కుటుంబాలతో సాగిన దూరప్రయాణపు సరుకు రవాణా 1970 నాటికి దాదాపు ముగిసింది. రోల్ట్ కోరినట్టు చాలా కాలువలు మిగిలాయి. వాటి మీద ఇప్పుడు సెలవులకు వచ్చేవాళ్ళూ, పడవనే ఇల్లు చేసుకున్నవాళ్ళూ తిరుగుతున్నారు.

ఈసారి ఎవరైనా అడిగితే ముందు ఎమ్మా స్మిత్‌ను చదవమంటాను. రోల్ట్‌ను ఆ తర్వాత.