సంస్మరణ దినమూ, కానిస్టేబులూ

ప్రజాస్వామిక సంస్థలను రాజకీయ హింస నుండి కాపాడుతూ చనిపోయిన పోలీసును గౌరవించడం అభ్యుదయవాదికి తగిన పనేనా? ఈ ప్రశ్న ఎదురైతే మనలో చాలామంది పక్కకు తప్పుకుంటారు. కొందరు, "పోలీసు పాలకవర్గం చేతికర్ర, వాడికి దండ వేయడం మన పని కాదు" అంటారు. మరి కొందరు అక్టోబరు 21న సభలో నలుగురితో పాటు చప్పట్లు కొట్టి, ఇంటికి వచ్చి ఊరుకుంటారు. మొదటివారు ఆలోచనను నినాదంతో ఎగవేస్తే, రెండోవారు మర్యాదతో ఎగవేస్తున్నారు.

ఎగవేయడానికి వీల్లేని చోటు బడి. పోలీసు అమరుల సంస్మరణ సందర్భంగా జిల్లాలలో పోలీసు శాఖ విద్యార్థులకు వ్యాసరచన పోటీలు పెడుతుంది. కామారెడ్డి జిల్లా పెద్ద కొడప్‌గల్ వంటి ఊళ్ళో పదో తరగతి పిల్ల వచ్చి "ఏం రాయమంటారు సార్?" అంటే, తెలుగు పంతులు ఏదో ఒకటి చెప్పక తప్పదు. ఆ వ్యాసాలూ, స్మృతిగీతాలూ, సభలో చదివే పద్యాలూ కలిసి ఒక సాహిత్యశాఖ అయింది. దాని జోలికి విమర్శకుడు పోడు. అందుకే అది ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టుంది. వీరుడు, జ్యోతి, రక్తతర్పణం, తల్లి ఋణం! పేరొకటి మారిస్తే ఆ గీతం సరిహద్దు సైనికుడికీ సరిపోతుంది, మంటలార్పే ఉద్యోగికీ సరిపోతుంది. చనిపోయినవాడు దేనిని కాపాడాడు? ఎవరి నుండి? ఎవరి కోసం? ఈ మూడు మాటలే అందులో ఉండవు.

ఈ లోపానికి మూలం ఆ దినం పుట్టుకలోనే కొంత ఉంది. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పులలో పదిమంది రిజర్వు పోలీసులు మరణించారు. సరిహద్దున పుట్టిన సంస్మరణ గనుక దాని భాష సైన్యం భాష అయింది. ఆ భాషలో ఎదురుగా ఉన్నవాడెప్పుడూ శత్రువే. కాని శాసనసభ గేటు దగ్గర నిలిచిన పోలీసుకు ఎదురయ్యేవాడు తుపాకీ పట్టిన హంతకుడూ కావచ్చు, అర్జీ పట్టుకున్న రైతూ కావచ్చు. ఈ ఇద్దరికీ తేడా చూపలేని గీతం ఎంత చక్కని ఛందస్సులో ఉన్నా అబద్ధమే.

2001 డిసెంబరు 13 చూడండి. పార్లమెంటు భవనం మీదికి సాయుధులు కారులో వచ్చారు. అప్పటి లోక్‌సభ స్పీకరు మన కోనసీమవాడు బాలయోగి. సభ కొద్దిసేపటి ముందే వాయిదాపడినా ఎందరో సభ్యులు లోపలే ఉన్నారు. ఆ వచ్చినవారిని అనుమానించి కేకవేసిన కమలేశ్ కుమారి రిజర్వు పోలీసు దళంలో కానిస్టేబులు. ఆమె చేతిలో తుపాకీ లేదు. ఆమెతో పాటు ఢిల్లీ పోలీసులు, పార్లమెంటు కాపలా ఉద్యోగులు, చివరకు ఒక తోటమాలి చనిపోయారు. ఆమెకూ, ఇద్దరు కాపలా ఉద్యోగులకూ అశోకచక్ర ఇచ్చారు. అందరూ చిన్న జీతగాళ్ళే. ఇక్కడ కాపాడినది ఏ మంత్రి ప్రాణాన్నో మాత్రమే కాదు. తిట్టుకుంటూనైనా మాట్లాడుకునే హక్కును. దండ ఇక్కడ వేయకపోతే ఇంకెక్కడ వేస్తాం?

ఇక అంతకు ఏడాది ముందు హైదరాబాదు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా వామపక్షాల పిలుపు మీద జనం అసెంబ్లీ వైపు నడిచారు. బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్చారు. ముగ్గురు చనిపోయారు. అక్కడా పోలీసులు కాపలా కాసింది అసెంబ్లీ దారినే. ఉడుపూ ఒకటే, జీతమూ ఒకటే, ఉత్తర్వు వేరు. డిసెంబరు 13న పోలీసు తూటాకూ సభకూ మధ్య నిలిచాడు. బషీర్‌బాగ్‌లో ప్రజకూ సభకూ మధ్య నిలిచాడు. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని కడిగే ఉపన్యాసాలు మనకు తెలుసు. రెండోదాన్ని చూపి మొదటిదాన్ని చిన్నబుచ్చడం మాత్రం మనవాళ్ళు చేస్తున్న పని. అది ఇంకా నష్టం.

నష్టమని ఎందుకంటున్నానంటే, ఆ సభ మనది కూడా. పెద్ద కొడప్‌గల్ ప్రాంతపు పెద్దలు నైజాం కింద బతికినవారు. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రాతల కోసమే చంపారు. మరుసటి నెల టాంకులతో వచ్చిన సైన్యానికి "పోలీసు చర్య" అని పేరు పెట్టారు. (పోలీసు అనే మాట మన దేశంలో ఎంత బరువు మోసిందో!) ఆ తరువాత 1952లో గాని హైదరాబాదు రాష్ట్రంలో వయోజనులందరికీ ఓటుతో శాసనసభ రాలేదు. ఆ ఎన్నికలలోనే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి నెహ్రూను మించిన ఓట్లతో పార్లమెంటుకు వెళ్ళారు. దొర గడీకి ఎదురు తిరిగినవాడికి ఓటుపెట్టె ఒకరు పెట్టిన భిక్ష కాదు. మరి ఆ పెట్టె పక్కన రాత్రంతా బల్లమీద కునుకు తీసే కానిస్టేబులు మనకెందుకు పరాయివాడయ్యాడు?

మన సాహిత్యం అతన్ని తక్కువగానే చూసింది. 'కన్యాశుల్కం'లో హెడ్డు కనిస్టీబును చూసి నవ్వుతాం. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో చట్టం, లంచం, పోలీసు ఒకే తాటిమీద నడుస్తాయి. అది నిజమే, అక్కరైన నిజమే. సినిమా ఖాకీ హీరో సంగతి వదిలేద్దాం; అతనికి డ్యూటీ చార్టు ఉండదు. ఖాకీ లోపలి మనిషిని శ్రమజీవిగా చూడబూనినది పతంజలి 'ఖాకీవనం'. అధికారి ఇంట చాకిరీ చేసే కిందివాడి కోపాన్ని ఆ నవల గౌరవించింది. సంస్మరణ గీతాలు వంద చదివినా దొరకని గౌరవం అది. కాని ఆ దారిలో మనవాళ్ళు మరి నడవలేదు.

సన్మానానికి రాజకీయాలు లేవనేవారు అమెరికా వైపు చూడాలి. 2021 జనవరి 6న అక్కడి చట్టసభ భవనం మీద గుంపు పడితే కాపాడిన పోలీసులకు అదే ఏడాది ఆగస్టులో బంగారు పతకం చట్టం చేశారు. ఫలకం ఏడాదిలో పెట్టాలని 2022లో మరో చట్టం చేశారు. ఆ గడువులోగా ఫలకం రాలేదు. 2025 జనవరి 20న కొత్త అధ్యక్షుడు దాదాపు 1,500 మంది నిందితులకు క్షమాభిక్ష పెట్టాడు. పతకం పోలీసుల దగ్గరే ఉంది. దాని అర్థాన్ని మాత్రం ఒక సంతకం లాగేసుకుంది.

మన దగ్గర మరోరకం లోపం. హైదరాబాదు ఎస్సార్ నగర్ కూడలిలో ఉమేశ్‌చంద్ర విగ్రహం ఉంది. 1999 సెప్టెంబరు 4న అక్కడే పీపుల్స్ వార్ దళం ఆయనను కాల్చి చంపింది. ఆ కాలపు ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కులవారు వేసిన ప్రశ్నలు విగ్రహంతో తీరవు. ఆ ప్రశ్నలు ఉన్నంత మాత్రాన నడిరోడ్డు హత్య విప్లవమూ కాదు. అయితే ఆనాడు చనిపోయింది ఒక్కరు కాదు. ఆయన గన్‌మన్, డ్రైవరు కూడా అక్కడే ప్రాణాలు విడిచారు. ఆ కూడలికి ఉమేశ్‌చంద్ర పేరు చెప్పగలిగినవారు వేలమంది. మిగతా ఇద్దరి పేర్లు ఎందరు చెప్పగలరో, ఈసారి పోటీలో పిల్లలనే అడిగి చూడండి.