పాత సామాన్ల కొట్టు

చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్‌లో పాత సామాన్లు అమ్మేవాళ్ల చూపంటే నాకు ఎంతో గౌరవం. బిద్రీ హుక్కా కుదురు చేతికొస్తే ముందు బరువు చూస్తారు. తుత్తునాగంలో కాస్త రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపెక్కించిన పనితనమది. మెరవాలని గట్టిగా తోమితే ఆ నలుపూ పోతుంది, విలువా పోతుంది. మెత్తటి గుడ్డ, చుక్క కొబ్బరినూనె చాలు.

అసలు పరీక్ష గ్రామఫోన్ల దగ్గరే. పాత మోటారుకు కొత్త ఇత్తడి బాకా తగిలించి తాతలనాటిదని అంటగట్టేవాళ్లున్నారు. మంచి వ్యాపారి పెట్టె విప్పి, ఏది పాతదో ఏది కొత్తదో చూపిస్తాడు, బేరం పోయినా సరే! నూరేళ్లు దాటిన కళాఖండాలు అమ్మాలంటే 1972 పురావస్తు చట్టం కింద లైసెన్సు ఉండాలనీ, వాటిని సొంతంగా దేశం దాటించకూడదనీ ఓపిగ్గా చెబుతాడు.