తెగిన చోటు ఎక్కడ?

పొలం రికార్డు అయిన పహణిని చేత్తో రాసిచ్చే కాలం పోయి పాతికేళ్లయింది. 2000 ప్రాంతంలో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పథకం కింద దాదాపు 67 లక్షల మంది రైతుల రెండు కోట్ల రికార్డులను కంప్యూటర్లకెక్కించింది. కాగితం ముక్క కోసం ఊరి లెక్కలాయన ఇంటి చుట్టూ తిరగడం తప్పింది. అది చిన్న మేలేమీ కాదు. అయితే బ్యాంకు అప్పయినా, భాగపరిష్కారమయినా, పిల్లవాడి కులం సర్టిఫికెట్టయినా ఇప్పుడు ఏదో ఒక వెబ్‌సైటు తెరుచుకుంటేనే జరుగుతుంది. అది తెరుచుకోని పూట మా తాలూకా ఆన్‌లైన్ సెంటర్లలో ఒకటే జవాబు: "సర్వర్ డౌన్, రేపు రాండి."

ఆ జవాబు మీదే నా కోపమంతా. చాలాసార్లు అది చూసి చెప్పిన జవాబు కాదు. కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చిన మనిషికి కనీసం ఎక్కడ ఆగిపోయిందో చూసి చెప్పాలి. మా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య గారు అణు భౌతికశాస్త్రం చదివారు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1976లో మహిమలను పరీక్షించడానికి కమిటీ వేశారు. ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దని జీవితమంతా చెప్పారు. ఆయన పుట్టిన ఊళ్లో సెంటరు నడుపుతూ, పరీక్షించకుండా జవాబు చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఈ సీమలో చెరువు నీళ్లు చివరి మడికి రాకపోతే నీరుగంటి ఇంట్లో కూర్చుని తూము మూసుకుపోయిందని చెప్పడు. కాలువ వెంబడి నడుస్తాడు. ఇంటర్నెట్ లైను చూడటమూ అంతే, దగ్గర నుంచి దూరానికి పోవాలి.

మొదట గోడ మీది పెట్టె. అందులో 'లాస్' అని రాసిన చోట ఎర్ర దీపం వెలిగితే ఫైబరు నుంచి వెలుతురే రావడం లేదన్నమాట. ఇక కంప్యూటరుతో కుస్తీ పట్టి లాభం లేదు, లైన్‌మన్‌కు ఫోన్ చేయాల్సిందే. ఆ ఎర్ర దీపం వెలగకపోయినా ఫైబరు ఎక్కడో గట్టిగా మడతపడి ఉంటే వెలుతురు కారిపోతుంది. పెట్టె సెట్టింగుల్లో ఆ వెలుతురు లెక్క కనిపిస్తుంది. అది మైనస్ 27 డీబీఎం దాటి కిందికి పోతే లైను నిలవదు. మైనస్ 20 దగ్గరుంటే నిశ్చింత.

తర్వాత పింగ్. 1983లో అమెరికా సైనిక పరిశోధనశాలలో మైక్ మూస్ ఒక నెట్‌వర్క్ తిక్కను పట్టుకోవడానికి రాసిన చిన్న ప్రోగ్రాం ఇది. ఇప్పటికీ ఇంతకన్నా నమ్మకమైన పనిముట్టు నాకు దొరకలేదు. కంప్యూటరులో రెండు నల్ల కమాండ్ కిటికీలు పక్కపక్కనే తెరిచి, ఒకదాంట్లో మన రౌటరును, రెండోదాంట్లో గూగుల్ వారి 8.8.8.8ను ఆపకుండా పలకరిస్తూ వదిలేస్తాను. వచ్చిపోయే లైనును ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు, అరగంట చూడాలి. రెండు కిటికీల్లోనూ జవాబు తప్పిపోతుంటే తప్పు మన వైఫైలోనో వైర్లోనో ఉంది. రౌటరు పలుకుతూ బయటిది పలకకపోతే తప్పు గడప దాటాక ఉంది. బయటిది కూడా పలుకుతూ పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకకపోతే, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కు.

అన్నిటికన్నా మొండి జబ్బు ఇంకొకటుంది. అన్ని సైట్లూ తెరుచుకుంటాయి, ఒక్కటి మాత్రం మొదటి పేజీ చూపించి, లాగిన్ కొట్టగానే తెల్లగా నిలబడిపోతుంది. జనం సర్వరును తిడతారు. చాలా బ్రాడ్‌బ్యాండు లైన్లలో డేటా పీపీపీఓఈ అనే పద్ధతిలో పోతుంది. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. అందులో ఈ పద్ధతికి 8 బైట్లు పోగా మిగిలేది 1492. అవతలి సర్వరు నిండు 1500 పంపిస్తే దారిలో ఇమడదు, 'చిన్నది చేసి పంపు' అని కబురు వెనక్కి పోతుంది. ఆ సైటు ముందున్న ఫైర్‌వాల్ ఆ కబురును లోపలికి రానివ్వకపోతే, సర్వరు అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. చిన్న పేజీలు వస్తాయి, పెద్దవి రావు. రౌటరులో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని (ఎంటీయూ) 1492కు, అందులో డేటా వాటాను (ఎంఎస్‌ఎస్) 1452కు సరిచేస్తే, అప్పటిదాకా బిగుసుకున్న పేజీ గబుక్కున దిగుతుంది. అది చూసినప్పుడల్లా నాకు నిజంగా సంతోషం.

ఇవన్నీ సరిగా ఉన్నా తెరుచుకోకపోతే, వేరే కంపెనీ సిమ్ము హాట్‌స్పాట్ పెట్టి అదే సైటు చూస్తాను. అక్కడ తెరుచుకుంటే మన దారిలోనే తంటా. అక్కడా రాకపోతే, అప్పుడు తప్పు అవతలిదే అయి ఉంటుందని ధైర్యంగా చెప్పొచ్చు. అలాంటి రోజులూ ఉన్నాయి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ సుమారు ఆరు గంటలు ప్రపంచమంతటా మాయమయ్యాయి. ఆ కంపెనీ తనకు దారి చూపే గుర్తులను తానే పొరపాటున చెరిపేసుకుంది. 2025 జనవరిలో మన రిజిస్ట్రేషన్ల వెబ్‌సైటు కావేరి 2.0 మీద డీడాస్ దాడి జరిగింది. దొంగ అభ్యర్థనలు వరదలా పంపి సైటును ముంచేశారు. క్రయపత్రాల కోసం వచ్చినవాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల ముందు పడిగాపులు పడ్డారు. ఏ రౌటరు ఎన్నిసార్లు ఆపి వేసినా ఆ రోజుల్లో లాభం లేదు.

మొన్న ఒక పెద్దమ్మ పహణి కోసం వచ్చి, "సర్వర్ వచ్చిందా నాయనా?" అని అడిగింది. "మన లైను బాగుందమ్మా, అవతలి సైటే పలకడం లేదు. నీ సర్వే నంబరు, ఫోన్ నంబరు రాసిచ్చి పో. తీసి పెట్టి ఫోన్ చేస్తా, వచ్చే బస్సుకే వెళ్లిపో" అన్నాను. తప్పు ఎక్కడుందో తెలిసింది కాబట్టే ఆ మాట అనగలిగాను.

ఇకపోతే సైట్లు నడిపే శాఖలను ఒకటి అడగాలని ఉంది. పని ఆగిన రోజు ఆగిందని, ఎన్ని గంటలకు బాగవుతుందో పొద్దున్నే నాడకచేరి (రెవెన్యూ ఆఫీసు) బోర్డు మీద కన్నడంలోనూ, బాగేపల్లి, చింతామణి వైపు తెలుగులోనూ రాయించండి. సెంటర్లకు ఒక మెసేజ్ పంపండి. అది మాకు అందితే, మొదటి బస్సు కదలకముందే ఊళ్లకు ఫోన్ చేసి చెప్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం.